పొట్టి రైఫిల్‌కి కొత్త తూటా: లాభమెంత, దానికి చెల్లించే ధర ఎంత

విజయవాడ ఆటోనగర్‌లో పాత బైక్ ఇంజిన్‌ని బోరింగ్‌కి తీసుకెళ్తే, పవర్ ఎంత పెరుగుతుందన్న మాట చివర్లో వస్తుంది. ముందు తేలాల్సినవి వేరే ఉంటాయి. ఓవర్‌సైజ్ పిస్టన్ ఏ సైజు వరకు దొరుకుతుంది, సిలిండర్ గోడలో లోహం ఎంత మిగిలింది, పెరిగే వేడిని హెడ్డు తట్టుకుంటుందా అన్నవి చూడాలి. సొంతంగా తూటా డిజైన్ చేసేవాళ్లది కూడా ఇదే వరస కావాలి. కానీ చాలామంది తిరగేసి మొదలుపెడతారు. ముందే బుల్లెట్‌కి ఒక వేగం అనుకుని, దానికి సరిపడే కేస్ (మందు పట్టే ఇత్తడి గొట్టం) కోసం వెతుకుతారు. వేట కోసం చేసే పొట్టి, తేలిక రైఫిళ్ల దగ్గర ఈ తిరగేసిన ఆలోచన బాగా దెబ్బతీస్తుంది.

ఇలాంటి సొంత డిజైన్లను అమెరికాలో వైల్డ్‌క్యాట్ తూటాలు అంటారు. అక్కడ ఇంట్లో కూర్చుని తూటాలు నింపుకోవడం చట్టం ఒప్పుకున్న వ్యాపకం. మన దగ్గర కాదు. ఆ సంగతి కింద వివరంగా ఉంది. అయినా అక్కడివాళ్లు పెట్టే వీడియోలు గుంటూరులోనూ చూస్తారు, బెజవాడలోనూ చూస్తారు. వాటిలో చెప్పే అంకెల వెనక ఉన్న లెక్క ఏమిటో అర్థం చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు.

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి కేస్, అడుగున మందుని అంటించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. ఈ నాలుగింట్లో వైల్డ్‌క్యాట్ డిజైనర్ చేతిలో నిజంగా ఉండేది కేస్ ఆకారం ఒక్కటే. మిగతా మూడూ బజార్లో దొరికేవే వాడాలి. కేస్‌ని కూడా అతను పుట్టించడు. అప్పటికే ఫ్యాక్టరీలో తయారవుతున్న కేస్ ఒకటి తీసుకుని మెడ సన్నం చేస్తాడు, లేదా వెడల్పు చేస్తాడు. భుజం (మెడకీ ఒంటికీ మధ్య ఉండే వాలు భాగం) మారుస్తాడు, పొడవు కోస్తాడు. అమెరికాలో 1926లో ఏర్పడ్డ సామీ అనే తయారీదారుల సంస్థ, ఐరోపాలో సీఐపీ తూటాల కొలతలకీ ఒత్తిడికీ ప్రమాణాలు పెడతాయి. ఆ జాబితాలోకి ఎక్కకుండా, ఏ కంపెనీ పెట్టెలో అమ్మకుండా బయట ఉండేవే వైల్డ్‌క్యాట్లు.

కొన్ని ఆ జాబితాలోకి వెళ్లాయి. తూటా పేర్లలో ముందు చుక్క ఉన్న అంకె సుమారుగా బుల్లెట్ లావుని అంగుళాల్లో చెబుతుంది. .25-06 అనేది 1920 ప్రాంతంలో పుట్టింది, రెమింగ్టన్ కంపెనీ దాన్ని అధికారికంగా తీసుకునేసరికి 1969 అయింది. .35 వీలెన్ 1922లో వస్తే 1988 దాకా ఆగింది. .22-250 కథ 1930ల్లో మొదలై 1965లో ఒడ్డెక్కింది. .308 విన్‌చెస్టర్ కేస్ మెడని 7 మి.మీ.కి తగ్గించి అమెరికన్ వేటగాళ్లు వాడుకుంటున్న తూటా 1980లో 7ఎంఎం-08 రెమింగ్టన్‌గా పెట్టెల్లోకి వచ్చింది. ఈ నాలుగింటిలోనూ గమనించాల్సిన విషయం ఒకటుంది. వీటిలో వింత ఆకారాలు ఏమీ లేవు. ప్రధానంగా మారింది మెడ. .25-06, .35 వీలెన్ రెండూ .30-06 కేస్‌లోంచి వచ్చినవే. ఒక దాంట్లో మెడ సన్నబడింది, ఇంకో దాంట్లో వెడల్పయింది. పేరుకి సొంత డిజైన్లే గానీ, నిలబడ్డవి మాత్రం అతి తక్కువ మార్చినవి.

మ్యాగజైన్ పెట్టే హద్దు

పొట్టి రైఫిల్ అంటే ఇక్కడ 16 నుంచి 18 అంగుళాల బ్యారెల్, మూడు కిలోల లోపు బరువు, చిన్న యాక్షన్ (తూటాని లోపలికి ఎక్కించి మూసే యంత్రభాగం). యాక్షన్ పొడవు మ్యాగజైన్ పొడవుని నిర్ణయిస్తుంది, మ్యాగజైన్ పొడవు తూటా మొత్తం పొడవుని నిర్ణయిస్తుంది. .30-06 లాంటి తూటాలు పట్టే పెద్ద యాక్షన్‌లో తూటా 85 మి.మీ. దాకా ఉండొచ్చు. .308 వర్గానికి చెందిన షార్ట్ యాక్షన్‌లో 71 మి.మీ. చుట్టుపక్కల. .223 కోసం చేసిన బుల్లి యాక్షన్‌లో అయితే 57 మి.మీ. దాటితే మ్యాగజైన్‌లోకి దిగదు.

ఈ 57 మి.మీ.లో కేస్, బుల్లెట్ రెండూ ఇమడాలి. గాల్లో వేగం నిలుపుకునే బుల్లెట్లు పొడవుగా, సన్నటి ముక్కుతో ఉంటాయి. పొడుగు బుల్లెట్ పెట్టాలంటే కేస్ పొట్టిది కావాలి. లేదంటే బుల్లెట్ తోక కేస్ లోపలికి దిగి, మందు ఉండాల్సిన చోటుని తినేస్తుంది. పొట్టి కేస్‌లో సరిపడా మందు పట్టాలంటే అది లావు కావాలి. 6.5 గ్రెండెల్ అనే తూటా ఈ తర్కానికి మంచి ఉదాహరణ. దాని కేస్ పొడవు 38.7 మి.మీ. మాత్రమే. .223 కేస్ 45 మి.మీ. ఉంటుంది, కానీ సన్నం. గ్రెండెల్ వంశవృక్షం కూడా సరదాగా ఉంటుంది. 1943 నాటి సోవియట్ సైనిక తూటా 7.62×39, దాని మెడ సన్నం చేస్తే వచ్చిన .220 రష్యన్, దాన్ని సాగదీసి 1975లో పాల్మిసానో, పిండెల్ అనే ఇద్దరు అమెరికన్లు పోటీల కోసం చేసిన పీపీసీ, ఆ బాటలోనే 2003లో గ్రెండెల్. యుద్ధం కోసం పుట్టిన కేస్ అడుగు అరవై ఏళ్లు తిరిగి వేట రైఫిల్‌లోకి చేరింది.

లావు కేస్‌కి ఒక ఖరీదు ఉంది. మందు మండినప్పుడు పుట్టే ఒత్తిడి బుల్లెట్‌ని ముందుకి తోసినట్టే, కేస్ అడుగుని వెనక్కి తోస్తుంది. ఆ తోపుని ఆపేది, ఛాంబర్‌ని (తూటా కూర్చునే గదిని) వెనక నుంచి మూసే బోల్ట్ మీద ఉండే చిన్న లగ్గులు, అంటే లోహపు పళ్లు. ఒత్తిడిని కేస్ అడుగు వైశాల్యంతో గుణిస్తే తోపు వస్తుంది. .223కి అడుగు వ్యాసం సుమారు 9.6 మి.మీ., సామీ ఒప్పుకునే గరిష్ఠ ఒత్తిడి 55,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). లెక్క వేస్తే దాదాపు 2.8 టన్నులు. గ్రెండెల్ అడుగు 11.15 మి.మీ. దాని ఒత్తిడి హద్దు 52,000 పీఎస్‌ఐ మాత్రమే, అయినా తోపు 3.6 టన్నులకి దగ్గరగా పోతుంది. .308కి 62,000 పీఎస్‌ఐ, 11.96 మి.మీ., అంటే 4.9 టన్నులు. కేస్ బయటి వ్యాసంతో వేసిన లెక్క కాబట్టి అసలు తోపు వీటికన్నా తక్కువే ఉంటుంది. కేస్ గోడ కూడా ఛాంబర్‌ని పట్టుకుని కొంత భారం మోస్తుంది. అయినా మూడింటి మధ్య తేడా అర్థమవుతుంది. బుల్లి బోల్ట్ మీద లావు కేస్ పెట్టాలంటే ఒత్తిడి తగ్గించుకోవాల్సిందే. గ్రెండెల్ హద్దు .223 హద్దు కన్నా కింద ఉండటానికి కారణం ఇదే.

కాగితం మీద తూటా గీసే కొత్తవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఈ మెట్టు దగ్గరే. కేస్ లావు చేస్తారు, ఒత్తిడి మాత్రం .308కి వాడేదే వేసుకుంటారు. వేగం అంకె బ్రహ్మాండంగా వస్తుంది. బోల్ట్ సంగతి ఆ అంకెలో కనపడదు.

బ్యారెల్ కోస్తే ఏం పోతుంది

.308 లాంటి తూటాకి బ్యారెల్ ఒక అంగుళం తగ్గితే వేగం సెకనుకి 6 నుంచి 9 మీటర్లు తగ్గుతుంది. 24 నుంచి 16 అంగుళాలకి దిగితే 50–70 మీటర్లు పోతాయి. అది పెద్ద నష్టం కాదు. అసలు సమస్య కేస్‌కీ బ్యారెల్ రంధ్రానికీ కుదరని జోడీలో ఉంది.

బుల్లెట్ బ్యారెల్ మూతి దాటే సమయానికి వేడి వాయువులు నిండిన మొత్తం చోటుని కేస్ లోపలి చోటుతో భాగిస్తే వ్యాకోచ నిష్పత్తి వస్తుంది. ఇది ఎంత ఎక్కువైతే మందులోని శక్తి అంతగా బుల్లెట్‌కి అందుతుంది. ఇది తక్కువైతే మిగిలిన శక్తి బ్యారెల్ బయట మంటగా, చెవులు గళ్లుమనే చప్పుడుగా పోతుంది. 16.5 అంగుళాల బ్యారెల్‌కి ఉజ్జాయింపు లెక్క వేసి చూద్దాం. .308 కేస్ మెడని 6.5 మి.మీ.కి తగ్గించిన .260 రెమింగ్టన్‌కి ఈ నిష్పత్తి 4.7 దగ్గర ఉంటుంది. అసలు .308కి 5.8. 6.5 గ్రెండెల్‌కి 6.8. గ్రెండెల్ మెడని 7 మి.మీ.కి పెంచితే 7.6 దాకా పోతుంది.

ఈ వరస చూస్తే పొట్టి బ్యారెల్‌కి ఏం నప్పుతుందో తెలుస్తుంది: చిన్న కేస్, కాస్త పెద్ద రంధ్రం. .300 బ్లాకౌట్ ఈ దారిలో చివరిదాకా వెళ్లింది. .223 వంశపు కేస్‌ని పొట్టి చేసి మెడని .30కి పెంచారు. తక్కువ మందు, పెద్ద రంధ్రం. తొమ్మిది అంగుళాల బ్యారెల్‌లో కూడా ఫరవాలేదనిపిస్తుంది. 2011లో సామీ ప్రమాణం దక్కింది, అంతకుముందు ఇదే ఆలోచన .300 విస్పర్ పేరుతో వైల్డ్‌క్యాట్‌గా తిరిగింది.

అయితే రంధ్రం పెంచుకుంటూ పోవడం ఉచితం కాదు. అదే బరువు బుల్లెట్ లావైతే పొట్టిదవుతుంది, గాలి దాన్ని త్వరగా ఆపేస్తుంది, జంతువులో తక్కువ లోతుకి దిగుతుంది. దీన్ని కొలిచే అంకె సెక్షనల్ డెన్సిటీ. 123 గ్రెయిన్ల బుల్లెట్, అంటే 8 గ్రాములది, 6.5 మి.మీ.లో 0.252 చూపిస్తే 7 మి.మీ.లో 0.218కి పడిపోతుంది. అదే 0.252 తిరిగి కావాలంటే బుల్లెట్ బరువు పెంచాలి. బరువు పెంచితే పొడవు పెరుగుతుంది, పొడవు పెరిగితే మళ్లీ 57 మి.మీ. మ్యాగజైన్ గుర్తొస్తుంది. ఈ వలయంలో ఎక్కడ ఆగాలన్నదే డిజైన్. 150–200 మీటర్ల లోపు వేటకైతే 7 మి.మీ. వైపు మొగ్గడంలో న్యాయముంది. అంతకు మించిన దూరాలకి 6.5 వైపే తక్కెడ మొగ్గుతుంది.

కేస్ పెంచితే వచ్చేది చిల్లర

అమెరికన్ గన్‌స్మిత్ పి.ఓ. యాక్లీ పేరు వినకుండా వైల్డ్‌క్యాట్ల గురించి ఎవరూ ఎక్కువ దూరం పోలేరు. కేస్ ఒంట్లోని వాలు తీసేసి నిటారు చేసి, భుజాన్ని 40 డిగ్రీలకి నిలబెట్టి, లోపలి చోటు పెంచే పద్ధతికి ఆయన పేరే స్థిరపడింది. ఈ యాక్లీ ఇంప్రూవ్డ్ కేసులకి ఫ్యాన్స్ చాలామంది. లాభం ఎంతో ఒకసారి లెక్కేయాలి. ఒత్తిడి మారకుండా కేస్ చోటు పెరిగితే, వేగం అందులో నాలుగో వంతు శాతం మాత్రమే పెరుగుతుందని ఒక మోటు సూత్రం ఉంది. చోటు 8 శాతం పెరిగితే వేగం 2 శాతం. సెకనుకి 750 మీటర్లు పోయే బుల్లెట్ 765 పోతుంది. అంటే రెండంగుళాల బ్యారెల్ ఇచ్చేంత. ఛాంబర్ కోయడానికి కొత్త రీమర్, కేస్‌కి ఆకారమివ్వడానికి కొత్త డైలు, కేసులన్నీ ఒకసారి పేల్చి ఆకారం తెప్పించుకునే శ్రమ, ఇవన్నీ ఆ పదిహేను మీటర్ల కోసం. రెండంగుళాల పొడుగు బ్యారెల్ కొనుక్కోవడం చవక!

యాక్లీ ఇంప్రూవ్డ్‌లో నిజంగా మెచ్చుకోవాల్సింది వేగం కాదు, ఒక చిన్న కొలత. కేస్ ఛాంబర్‌లో ఎక్కడ ఆనుతుందన్నది హెడ్‌స్పేస్. భుజం ముందుకి జరిగిన కొత్త ఛాంబర్‌లో పాత ఫ్యాక్టరీ తూటా పెడితే, దాని భుజానికి ఆనడానికి ఏమీ ఉండదు. పేలగానే కేస్ వెనక్కి జరిగి, అడుగుకి కాస్త పైన సాగి తెగే ప్రమాదం ఉంది. అందుకే యాక్లీ ఛాంబర్‌ని అసలు కొలత కన్నా 0.1 మి.మీ. పొట్టిగా కోస్తారు. పాత తూటా మెడా భుజం కలిసే చోట సన్నటి గీత మీద బిగుసుకుని ఆనుతుంది. బోల్ట్ మూసేటప్పుడు కొద్దిగా గట్టిగా తగులుతుంది. ఆ బిగువే కేస్‌ని కాపాడుతుంది. తలవెంట్రుకంత తేడా మీద నిలబడ్డ ఏర్పాటు ఇది.

నిటారు కేస్‌కి ఇంకో చిక్కు. వాలు ఉన్న కేస్ ఛాంబర్‌లోకి సులువుగా జారుతుంది, పేలాక సులువుగా ఊడుతుంది. 7.62×39 కేస్‌కి వాలు ఎక్కువ, అందుకే దాని మ్యాగజైన్ వంకరగా ఉంటుంది, అందుకే అది బురదలోనూ పనిచేస్తుంది. .308 భుజం 20 డిగ్రీలు, 6.5 క్రీడ్‌మూర్‌ది 30. నలభైకి పోయిన కొద్దీ మ్యాగజైన్ నుంచి ఛాంబర్‌లోకి జారే దారిలో భుజం తగిలే అవకాశం పెరుగుతుంది. బెంచ్ మీద ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చేవాడికి ఇది పట్టదు. చెట్ల మధ్య రెండో తూటా వెంటనే కావాల్సిన వేటగాడికి పడుతుంది.

బరువు తగ్గితే భుజం మోస్తుంది

వెనక్కి తన్నే దెబ్బ లెక్క ఇంటర్ ఫిజిక్సే. బుల్లెట్, దాని వెనక వాయువులు ముందుకి తీసుకెళ్లే ద్రవ్యవేగమంతా రైఫిల్ వెనక్కి తీసుకుంటుంది. పది గ్రాముల బుల్లెట్ సెకనుకి 760 మీటర్ల వేగంతో పోతే ద్రవ్యవేగం 7.6 (కిలోలని సెకనుకి మీటర్లతో గుణిస్తే వచ్చే అంకె). దాదాపు 2.8 గ్రాముల మందు వాయువై సెకనుకి 1,200 మీటర్ల చొప్పున పోతుందనుకుంటే మరో 3.4. మొత్తం 11. రైఫిల్ 4 కిలోలుంటే 15 జౌళ్లతో తంతుంది. అదే తూటా 2.7 కిలోల రైఫిల్‌లో పెడితే 22 జౌళ్లు. ఇప్పుడు అదే 2.7 కిలోల రైఫిల్‌లో 8 గ్రాముల బుల్లెట్, 730 మీటర్లు, రెండు గ్రాములకి అటూఇటూ మందు అనుకుంటే 12–13 జౌళ్లు. దాదాపు సగం. తేలిక రైఫిల్ కొని, దాంట్లో పెద్ద తూటా వేసి, రెండు రౌండ్లకే కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగడం అలవాటైనవాళ్ల గురించి వేట పత్రికలు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నాయి. పొట్టి రైఫిల్ తూటా చిన్నదిగా ఉండాలనడానికి బ్యారెల్ ఒక కారణమైతే, భుజం ఇంకో కారణం.

ట్విస్ట్ సంగతి క్లుప్తంగా. బ్యారెల్ లోపలి గాడులు బుల్లెట్‌ని ఎంత దూరంలో ఒక చుట్టు తిప్పుతాయన్నది ట్విస్ట్. బుల్లెట్ పొడుగైన కొద్దీ చుట్టు బిగువుగా ఉండాలి. 1879 నాటి గ్రీన్‌హిల్ సూత్రం ఇప్పటికీ ఉజ్జాయింపుకి పనికొస్తుంది: వ్యాసాన్ని వర్గం చేసి 150తో గుణించి పొడవుతో భాగించాలి. 6.71 మి.మీ. వ్యాసం, 31 మి.మీ. పొడవున్న బుల్లెట్‌కి 218 మి.మీ. వస్తుంది, అంటే 8.6 అంగుళాలు. ఈ రకం రైఫిళ్లలో సాధారణంగా వాడే 8 అంగుళాలకి దగ్గరే. దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో రెమింగ్టన్‌కి తెలుసు. 1955లో విన్‌చెస్టర్ .243, రెమింగ్టన్ .244 ఒకేసారి వచ్చాయి. కేస్ పరంగా .244కే కాస్త మొగ్గు. కానీ రెమింగ్టన్ చిన్న జంతువుల తేలిక బుల్లెట్లు దృష్టిలో పెట్టుకుని 12 అంగుళాల ట్విస్ట్ ఇచ్చింది. జింకల వేటకి 100 గ్రెయిన్ల బుల్లెట్ అడిగిన జనం 10 అంగుళాల ట్విస్ట్ ఉన్న .243 వైపు వెళ్లిపోయారు. 1963లో .244కి 6ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చి, ట్విస్ట్ 9 చేసి మళ్లీ వదిలినా పోయిన బజారు తిరిగి రాలేదు.

మెడలో దాగిన ప్రమాదం

కేస్ గోడ అన్ని చోట్లా ఒకే మందం ఉండదు. అడుగు దగ్గర మందం, మూతి వైపు సన్నం. పొడుగు కేస్‌ని పొట్టిగా కోసి కొత్త మెడ తీస్తే, ఇంతకుముందు కేస్ ఒంటి భాగంగా ఉన్న మందపాటి ఇత్తడి ఇప్పుడు మెడ అవుతుంది. బుల్లెట్ పెట్టాక మెడ బయటి వ్యాసం ఛాంబర్ మెడ వ్యాసానికి సమానమైందనుకోండి, పేలినప్పుడు మెడ విచ్చుకోవడానికి చోటుండదు. బుల్లెట్‌ని వదలడానికి బదులు బిగించి పట్టుకుంటుంది, ఒత్తిడి క్షణాల్లో హద్దు దాటేస్తుంది. .300 బ్లాకౌట్ కోసం .223 కేసులు కోసుకునేవాళ్లు కొన్ని తయారీల ఇత్తడిని పక్కన పెట్టేయడానికి కారణం ఈ మెడ మందమే. మెడ లోపల, భుజం కలిసే చోట చిన్న వలయంలా ఇత్తడి ఉబ్బడం ఇంకో రకం. బయటి నుంచి చూస్తే కనపడదు. పేలిన కేస్ మూతిలోకి బుల్లెట్ దించి చూస్తే మధ్యలో తట్టి ఆగుతుంది, అప్పుడు గానీ తెలియదు.

ఇంతకన్నా ఘోరం పేర్ల గందరగోళం. వైల్డ్‌క్యాట్ కేస్ అడుగున ముద్ర పాత తూటాదే ఉంటుంది. .223 అని రాసి ఉన్న కేస్‌లో .30 బుల్లెట్ కూర్చుని ఉండొచ్చు. .300 బ్లాకౌట్ తూటా పొరపాటున .223 రైఫిల్‌లోకి పోయి బ్యారెల్ పగిలిన సంఘటనలు అమెరికాలో చాలా నమోదయ్యాయి. రెండూ ఒకే మ్యాగజైన్‌లో పడతాయి, ఒకే బోల్ట్‌కి సరిపోతాయి. పొందికగా చేసిన డిజైన్‌కి అదే శాపమైంది. పెద్ద కంపెనీలు కూడా పేరు దగ్గర తడబడ్డాయి. .280 రెమింగ్టన్‌ని 1979లో 7ఎంఎం ఎక్స్‌ప్రెస్ అని మార్చితే, జనం దాన్ని 7ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్‌తో కలిపేసుకున్నారు. రెండేళ్లకే పాత పేరు తిరిగి పెట్టారు.

రోహిణి కార్తె, గుర్రపుశాల

ఒత్తిడిని ఇంట్లో కొలవలేరు. ల్యాబ్‌లో ఛాంబర్‌కి పీజో సెన్సర్ పెట్టి కొలుస్తారు. ఇంటి దగ్గరున్నవాడు ప్రైమర్ చదునైందా, బోల్ట్ గట్టిగా లేస్తోందా అని చూసుకుంటాడు. ఆ గుర్తులు కనపడే సమయానికి హద్దు దాటిపోయి ఉండటం మామూలు. మందు స్వభావం కూడా ఎండని బట్టి మారుతుంది. తూటా వేడెక్కితే మందు వేగంగా మండుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. మంచు ప్రాంతంలో సురక్షితంగా తేలిన లోడు, రోహిణి కార్తెలో రెంటచింతల ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డ్ మీద గంట ఉన్నాక అదే లోడు కాదు. బ్రిటిష్ తుపాకీ కంపెనీలకి ఈ పాఠం బాగా తెలుసు. వాళ్లు వాడిన కార్డైట్ అనే మందు వేడికి బాగా స్పందించేది. భారతదేశం, ఆఫ్రికా కోసం చేసిన నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాల కేసులు అంత భారీగా, ఒత్తిడి అంత తక్కువగా ఉండటానికి ఇదొక కారణం. పేలిన కేస్ వేడి ఛాంబర్‌లో ఇరుక్కుంటే, ఎదురుగా ఉన్న జంతువు ఆగదు కదా!

ఇత్తడికి కూడా మన వాతావరణం పరీక్ష పెట్టింది. బ్రిటిష్ ఇండియాలో వానాకాలం గుర్రపుశాలల దగ్గర నిల్వ పెట్టిన తూటాల కేసులు వాటంతట అవే పగిలేవి. మెడ దగ్గర నిలువుగా చీలికలు వచ్చేవి. తయారీలో లోపం ఉందనుకున్నారు చాలాకాలం. 1921లో మూర్, బెకిన్‌సేల్, మ్యాలిన్‌సన్ అనే ముగ్గురు దాని గుట్టు విప్పారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, తేమ గాలి, మెడ లాగి సన్నం చేసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయే బిగువు, ఈ మూడూ కలిస్తే లోహం చీలుతుంది. మెడని వేడిచేసి ఆ బిగువు తీసేస్తే సమస్య పోయింది. సైనిక తూటాల భుజం దగ్గర ఇప్పటికీ కనిపించే నీలి గోధుమ రంగు మరక ఆ వేడి గుర్తే. మెడ సన్నం చేసి వైల్డ్‌క్యాట్ చేసుకునే ప్రతివాడూ ఇదే బిగువుని కొత్తగా పుట్టిస్తాడు. వేడి చేయకుండా వదిలేస్తే కొద్దిసార్ల వాడకానికే మెడలు చీలుతాయి.

చట్టం గీసిన తూటాలు

ఇంజినీరింగ్ కన్నా చట్టమే ఎక్కువ తూటాలు పుట్టించిందంటే మన దేశమే సాక్ష్యం. వేట తూటాలు సైన్యం వాడే .450 సైజు ఆయుధాలకి పనికొస్తాయన్న భయంతో 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం ఆ సైజుని భారతదేశంలోకి రానివ్వడం ఆపేసింది. పులులు, ఏనుగుల వేటకి .450 రైఫిళ్లు అమ్ముకుంటున్న ఇంగ్లండ్ కంపెనీలు ఊరుకుంటాయా? .465, .470, .475 అంటూ సైజు కాస్త జరిపి వరసగా కొత్త తూటాలు దించాయి. అడవిలో జంతువుకి ఆ తేడా తెలియదు, కస్టమ్స్ అధికారికి మాత్రం తెలుస్తుంది. .303 కూడా అలాగే సైనిక తూటా కాబట్టి సామాన్యుడికి నిషిద్ధ బోరు. దాని బదులు దేశంలో పాతుకున్నది .315. అది పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన 8×50 మ్యాన్లిషర్ రిమ్ తూటా. బ్రిటిష్ సైన్యం దగ్గర లేదు కాబట్టి ఇక్కడ పనికొచ్చింది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ లీ-ఎన్‌ఫీల్డ్ యాక్షన్ మీదే .315 రైఫిల్ చేస్తూ వచ్చింది. ఆస్ట్రియా తూటా, బ్రిటిష్ యాక్షన్, బెంగాల్ ఫ్యాక్టరీ. కలిపింది బాలిస్టిక్స్ కాదు, నిబంధన.

ఇప్పటి చట్టం ఇంకా గట్టిది. ఆయుధ చట్టం 1959లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ తయారుచేయడం, మార్చడం, మరమ్మతు, పరీక్షించడం అన్నిటికీ లైసెన్సు కావాలి. బ్యారెల్ పొట్టి చేయడానికి 6వ సెక్షన్ ప్రకారం విడిగా అనుమతి ఉండాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తయారుచేస్తే కనీస శిక్షే ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. రైఫిల్ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఛాంబర్ మార్పించుకునే హక్కు రాదు. ఆటోనగర్ లేత్ మీద ఛాంబర్ రీమర్ తిప్పడం సాంకేతికంగా కష్టమేమీ కాదు, అసలు అడ్డంకి అది కాదు.

వేట సంగతి కూడా అంతే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972కి 1991లో సవరణ వచ్చాక వినోద వేట లేదు. పల్నాడులో మొక్కజొన్న, వేరుశనగ చేలని అడవిపందులు పాడుచేస్తాయన్నది నిజమైన బాధే. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకి ప్రమాదమైన జంతువుని చంపడానికి 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి దొరికిన చోట కూడా కొత్త తూటా అవసరం ఎవరికీ లేదు. చేను గట్టు మీద ఎనభై, వంద మీటర్ల దూరానికి ఉన్న లైసెన్సు తుపాకీలే చాలు. చేల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు వేసి మనుషుల ప్రాణాలు పోగొట్టుకోవడం కన్నా ఆ దరఖాస్తు దారి ఎంత నెమ్మదిదైనా మేలే.

లెక్క మాత్రం ఎవరైనా వేసుకోవచ్చు. మెకానికల్ విద్యార్థి ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, 57 మి.మీ. మ్యాగజైన్, 16.5 అంగుళాల బ్యారెల్, 2.7 కిలోల రైఫిల్, 3.6 టన్నుల బోల్ట్ హద్దు పెట్టుకుని సొంత తూటా గీస్తే, చివరికి తేలేది 6.5 గ్రెండెల్‌కి ఒకటి రెండు శాతం అటూఇటూ ఉంటుంది. మ్యాగజైన్‌ని 71 మి.మీ.కి పెంచి, దెబ్బ కాస్త ఎక్కువైనా ఫరవాలేదనుకుంటే 7ఎంఎం-08 పక్కకి చేరుతుంది. రెండూ ఇప్పటికే పెట్టెల్లో దొరుకుతున్నాయి, అడుగున సరైన పేరు ముద్రతో.